హెవీ తీస్తే ఎంత వస్తుంది?

మార్కాపురం వైపు ఇంటర్ తప్పిన కుర్రాడూ, డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న కుర్రాడూ చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు. "హెవీ తీస్తే ఎంత వచ్చిద్ది?" హెవీ అంటే మా దగ్గర వేరే వివరం అక్కర్లేదు. లారీ, బస్సు, టిప్పర్, ఏ పెద్ద బండి స్టీరింగ్ పట్టుకోవాలన్నా రవాణా శాఖ ఇచ్చే లైసెన్సు అది. కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైన వాడిని గనక ఈ ప్రశ్న మా అరుగు దాకా వస్తుంటుంది. "లెక్కలు చెప్పినోళ్లు గదా సార్, మీరే చెప్పండి" అంటారు. చెబుతాను. నచ్చదు. ఎందుకంటే వాళ్లు అడిగేది నెలకు ఎంతని, నేను మొదలుపెట్టేది ఎవరి ఖాతాలో అని.

ముందు ఖర్చు చూద్దాం, అది తేలిక. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2016 చివర్లో సవరించిన ఫీజులు చూస్తే ఎల్ఎల్ఆర్‌కు 150, దాని పరీక్షకు 50, బండి నడిపి చూపించే పరీక్షకు 300, ఉన్న లైసెన్సులో కొత్త తరగతి కలపడానికి 500, కార్డుకు 200. అన్నీ కూడితే 1,200. పైన రాష్ట్రం వేసుకునే సేవా రుసుము కొంత. ఒక మోస్తరు ఫోను ధరలో పదో వంతు కూడా కాదు. ఈ అంకె చెప్పగానే కుర్రాళ్ల మొహాలు విప్పారతాయి. వెంటనే మధ్యవర్తి గుర్తొస్తాడు, డ్రైవింగ్ స్కూలు ఫీజు గుర్తొస్తుంది, మొహాలు మళ్లీ మామూలవుతాయి. పెద్ద బండికి స్కూలు సర్టిఫికెట్ లేనిదే పరీక్షకు రానివ్వరు. నిబంధన ప్రకారం ఆ శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో చక్రం తిప్పిన సమయం 15 గంటలకు తగ్గకూడదు. 2021లో తెచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతిలోనైతే ఆరు వారాలు, 38 గంటలు. కాగితం మీద ఉన్న ఈ గంటలకూ, కుర్రాడు నిజంగా క్లచ్ మీద కాలు పెట్టిన గంటలకూ మధ్య ఎంత దూరం ఉందో అడక్కండి. ఆ దూరం తర్వాత ఘాట్ రోడ్డు మీద తేలుతుంది.

వయసు మెట్లు కూడా ఖర్చే. పద్దెనిమిదికి చిన్న బండి (ఎల్ఎంవీ) లైసెన్సు. అది చేతిలో పడి ఏడాది నిండాలి. ఇరవై దాటితేనే ట్రాన్స్‌పోర్టు బండికి అర్హత. అంటే ఇంటర్ తప్పిన రోజు నుంచి హెవీ చేతికొచ్చే రోజుకు మధ్య తక్కువలో తక్కువ రెండేళ్లు. ఈ రెండేళ్లను ఎవరూ ఖర్చు కింద రాయరు. మా కామర్స్‌లో దీనికో పేరుంది, వదులుకున్న రాబడి అంటాం. ఉపాధి హామీ కూలీ 2025-26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. ఆ పథకంలో అప్పుడు ఏడాదికి నూరు రోజులే గానీ, అదే రేటుకు ఏదో ఒక పని మూడొందల రోజులు దొరికిందనుకుందాం. 92,100. ఆ రెండేళ్లలో ఒక్క ఏడాది లారీ మీద క్లీనర్‌గా తిరిగితే ఇంటికి రానిది ఇంత. క్లీనర్‌కు బువ్వ, టీ, ఎంతో కొంత బత్తా దొరుకుతాయి, అవి తీసేయండి. తీసేసినా సర్కారు ఫీజు ఎన్నో రెట్లు వెనకబడిపోతుంది. లైసెన్సు ఖరీదు కౌంటర్లో కట్టేది కాదని నేననేది ఇందుకే.

క్లీనర్ పని గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అసలు కాలేజీ అదే. టైరు కొట్టి చప్పుడు విని గాలి చెప్పడం, పట్టా కప్పి తాడు బిగించడం, వెనక్కి తీసేటప్పుడు "రైట్, రైట్, రానీ" అని అరవడం, డ్రైవర్ నిద్రలోకి జారుతున్నాడని మాటల్లో పెట్టడం. స్టీరింగ్ చేతికివ్వడమన్నది పెద్ద డ్రైవర్ దయ. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, లోడు లేనప్పుడు, ఓనరుకు తెలియకుండా. చట్టం ఒప్పుకోదు. కానీ ఈ పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు పేరున్న డ్రైవర్లలో ఎంతమంది స్కూలు బండి మీద నేర్చుకున్నారో వాళ్లనే అడగండి. ఇప్పుడు ఈ దారీ మూసుకుపోతోంది. ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది ఓనర్లు క్లీనర్‌ను పెట్టుకోవడం మానేశారు. క్లీనర్ లేని బండికి కొత్త డ్రైవర్ ఎక్కడి నుంచి పుడతాడు? ఈ ప్రశ్న ఓనర్లెవరూ వేసుకున్నట్టు లేదు.

చదువు గొడవ ఒకటుండేది. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన 2019లో ఎత్తేశారు. హర్యానాలో మేవాత్ ప్రాంతం నుంచి వచ్చిన విన్నపం దానికి కారణమని కేంద్రం చెప్పింది. దేశంలో దాదాపు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని కూడా అప్పుడే చెప్పింది. ఇది చదివి మా వీధిలో ఒకాయన పేపరు మడిచి, "అంత కొరతైతే మా వాడిని ఇంకా కూర్చోబెట్టారేంది సార్?" అన్నాడు. మంచి ప్రశ్న. దానికి సమాధానం కోసం లైసెన్సు వదిలి నేల దగ్గరికి రావాలి.

మా ప్రాంతం రవాణాకు పుట్టింది కరువులోంచి. 1876-78 కరువు తర్వాత తిండిగింజలు తొందరగా చేరాలని ఆనాటి ప్రభుత్వం గుంతకల్లు నుంచి బెజవాడ వైపు నల్లమలను దాటించి రైలు వేసింది. గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపురం రోడ్డు స్టేషన్లు ఆ దారిలోవే. 1990ల్లో ఆ మీటర్ గేజీ బ్రాడ్ గేజీ అయింది. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా చేసినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి విడిపోయి అందులో చేరాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి కలెక్టరు ఆఫీసు పనికి తూర్పుకు, చుట్టరికాలకు పడమరకు తిరిగారు. రెండువైపులా తిరిగితే గానీ గడవని ఊళ్లు ఇవి. వాన తక్కువ, బోర్లు లోతు, కంది, పత్తి, మిరప పండితే పండినట్టు. పొలం నిలబెట్టని ఇంట్లో రెండోవాడు రోడ్డెక్కుతాడు.

రోడ్డెక్కించింది పలక కూడా. దేశంలో ఎన్ని బడుల్లో పిల్లలు మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దారో! గనిలోంచి రాయి, రాయి నుంచి పలక, పలక నుంచి లోడు. కాగితం నోటుపుస్తకం, ప్లాస్టిక్ పలక వచ్చాక బడి పలక పడిపోయింది. గోడలకూ నేలకూ వేసే డిజైన్ పలకలుగా అదే రాయి విదేశాలకు వెళ్లడం మొదలైంది. బడి పలక కట్టలుగా వెళ్లేది, టైలు పెట్టెల్లో ఓడరేవుకు వెళుతుంది. లోడు మారింది, డ్రైవర్ మాత్రం అవే ఊళ్ల మనిషి. తర్వాత వెలిగొండ. 1996లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు కొండలో 18 కిలోమీటర్లు దాటిన జంట సొరంగాలు, కట్టలు, కాలవలు. తవ్విన ప్రతి రాయికీ టిప్పర్ కావాలి. ఆ పనులు జోరుగా నడిచిన రోజుల్లో దోర్నాల చుట్టుపక్కల హెవీ ఉన్నవాడికి ఇంటి దగ్గరే పని. పని మందగించినప్పుడల్లా అవే చేతులు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై బస్సెక్కాయి. నీళ్లు రావాల్సిన ప్రాజెక్టు ముందుగా డ్రైవర్లను తయారుచేసి బయటికి పంపింది. ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తుంది గానీ, నాకు అలాగే కనిపిస్తుంది.

హెవీ తీయడం మా వైపు బోరు వేయించడం లాంటిది. ఖర్చు మాత్రం ఖాయం, నీళ్లు పడేది కింద ఏముందన్న దాన్ని బట్టి. హెవీ కింద ఉన్నది బండి. బండి మనది కాదు.

అందుకే కుర్రాడి ఖాతా పక్కన ఓనరు ఖాతా కూడా తెరిచి చూడమంటాను. నేషనల్ పర్మిట్ ఉన్న లారీకి ఆ పర్మిట్ కిందే ఏటా 16,500. ఇన్సూరెన్సు, రోడ్డు పన్ను, ఫైనాన్సు వాయిదా. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కొత్త బండికి మొదట రెండేళ్లు, ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా. ఎఫ్‌సీ దాటిపోతే రోజుకు 50 చొప్పున అపరాధ రుసుము. అధిక లోడు దొరికితే 2019 చట్ట సవరణ లెక్కన 20,000, ఎక్కువైన టన్నుకు 2,000 పైన. టైర్లు, డీజిలు, టోలు, దారి ఖర్చు. ఇవన్నీ కిరాయిలోంచి పోవాలి. కిరాయి ఓనరు చేతిలో లేదు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బ్రోకరు చెబుతాడు, సీజను చెబుతుంది, తిరుగు లోడు దొరకడం దొరక్కపోవడం చెబుతుంది. వీటిలో ఓనరు తగ్గించగలిగేది ఏమిటి? పర్మిటు తగ్గదు, డీజిలు తగ్గదు, వాయిదా తగ్గదు. మిగిలింది జీతం, బత్తా. 22 లక్షల కొరత ఉన్నా మా వీధి కుర్రాడు ఇంట్లో కూర్చోవడానికి, కూర్చున్న కుర్రాడు రమ్మన్నా వెళ్లకపోవడానికి కారణం నాకు ఇక్కడ కనిపిస్తుంది. కొరత మనుషులది అనిపిస్తుంది గానీ, ఆ జీతానికి ఆ బతుకు బతికే మనుషులది.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. 2021లో బ్రిటన్‌లో లారీ డ్రైవర్లు చాలక పెట్రోలు బంకులు ఎండిపోతే, అక్టోబరులో సైన్యం వాళ్లను ట్యాంకర్లెక్కించారు. అప్పుడక్కడ కంపెనీలు జీతాలు పెంచి, చేరితే బోనసని ప్రకటనలిచ్చాయి. కొరత వచ్చినప్పుడు ధర పెరగాలని మేం పిల్లలకు మొదటి పాఠంలోనే చెబుతాం. మన దగ్గర కొరత ఉందంటారు, ధర మాత్రం కదలదు. ఎందుకంటే లైసెన్సు లేని మనిషినీ, సగం నేర్చిన మనిషినీ చక్రం ముందు కూర్చోబెట్టడానికి సందు ఉంది. అక్కడ ఆ సందు ఇరుకు. కాగితానికి విలువ రావాలంటే కాగితం లేనివాడికి పని దొరక్కూడదు. ఈ సంగతి కుర్రాళ్లకు చెబితే, "మీరు మా పొట్ట కొట్టేట్టున్నారే" అని నవ్వుతారు.

దారి సంగతి. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లేవాడు దిగువమెట్ట దాటి నల్లమలలోకి దిగాలి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లేవాడికి పులుల అభయారణ్యం అడ్డం. రాత్రి తొమ్మిదికి గేటు పడితే మళ్లీ పొద్దున ఆరింటికే. పులికి అది న్యాయం, నేను కాదనను. ఎనిమిదిన్నరకు చేరాల్సిన బండి లోడింగులో గంట ఆలస్యమైతే ఆ రాత్రి డ్రైవర్ దోర్నాలలోనే. ఆ తొమ్మిది గంటలు ఎవరి ఖాతా? బత్తా ట్రిప్పుకిస్తారు, గంటకు కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అంది. లైను లారీ డ్రైవర్‌కు ఈ అంకెలు చెప్పి చూడండి, నవ్వి బీడీ వెలిగించుకుంటాడు. నెలకు ఇంతని చెప్పే జీతాన్ని అతను ఇంటికి దూరంగా ఉన్న గంటలతో భాగించాలి. భాగిస్తే వచ్చే అంకెను ఉపాధి హామీ 307లో గంటకు పడేదానితో పోల్చాలి. ఆ భాగహారం మాత్రం ఏ కుర్రాడూ నా ముందు చేయనివ్వడు. "అదంతా ఎందుకు సార్, నెలాఖరుకు ఎంతో చెప్పండి" అంటాడు.

చిన్న బండ్ల కథ ఇంకోలా తిరిగింది. ఆటో, చిన్న ట్రాలీ నడిపేవాళ్లకు బ్యాడ్జి ఉండాలా వద్దా అన్న తగాదా ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీలు చూసేది ముందుగా అదే, ట్రాన్స్‌పోర్టు అని రాసి ఉందా లేదా అని. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు, 7,500 కిలోలకు లోపు బండికి మామూలు ఎల్ఎంవీ లైసెన్సు చాలునంది. కంపెనీలు ఒప్పుకోలేదు. చివరికి 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది. ఆ ఒక్క రోజున మన కుంట జంక్షన్లో, బేస్తవారిపేట సెంటర్లో నిలబడ్డ ఎంతోమంది చేతిలోని మామూలు లైసెన్సు విలువ పెరిగింది, రూపాయి కట్టకుండా. అంతకుముందు ఏడాదే డబ్బు కట్టి బ్యాడ్జి రాయించుకున్నవాడు మాత్రం తిట్టుకున్నాడు. ఆ తీర్పు లారీకి, బస్సుకు వర్తించదు. అక్కడ హెవీ హెవీయే.

అయితే విలువ పెరిగిన ఆ లైసెన్సుకు గిరాకీ తగ్గించే సంగతి మరో తొమ్మిది నెలలకు వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. కంభం నుంచి మార్కాపురం ఆసుపత్రికి, తర్లుపాడు నుంచి సంతకు ఆటోలో వచ్చే అమ్మలు బస్సు కోసం చెట్టు కింద ఆగడం నేర్చుకున్నారు. వాళ్లకు మిగిలిన డబ్బు నిజమైనది, దాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఆటోవాడికి తగ్గిన డబ్బూ నిజమైనదే. అక్టోబరు 4న ప్రభుత్వం ఆటో, క్యాబ్ డ్రైవర్లకు తలా 15,000 వేసింది. అంతకుముందు ప్రభుత్వం 2019 నుంచి వాహనమిత్ర కింద ఏటా 10,000 వేసేది. రెండింట్లోనూ సొమ్ము రావాలంటే లైసెన్సు కావాలి, బండి సొంతదై ఉండాలి. అద్దె ఆటో నడిపేవాడి చేతిలో లైసెన్సు ఉంది గానీ ఆర్సీ మీద పేరు లేదు. కాగితం విలువ ఎప్పుడూ ఇంకో కాగితాన్ని బట్టి ఉంటుందని వాడికి చెప్పనక్కర్లేదు.

ఇంతదాకా నేను రాబడి అంటున్నది నిజానికి బండి రాబడి. లైసెన్సు సొంత రాబడి ఒకే రోజు కనిపిస్తుంది, ప్రమాదం జరిగిన రోజు. ఆ రోజు దాకా అది జేబులో ఉన్న ప్లాస్టిక్ ముక్క. అప్పుడు పోలీసు ముందు అడిగేది అదే, ట్రైబ్యునల్లో ఇన్సూరెన్సు లాయరు ముందు అడిగేదీ అదే. సరైన తరగతి లైసెన్సు, గడువు దాటనిది ఉంటే చచ్చిపోయినవాడి ఇంటికి పరిహారం కంపెనీ కడుతుంది, కథ అక్కడితో తీరుతుంది. లేకపోతే 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీసిన దారి ఉంది. బాధితుడికి కంపెనీ ముందు కట్టి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోవచ్చు. లక్షల్లో ఉండే ఆ సొమ్ము ఓనరు మీద పడితే, ఓనరు ఇల్లు అమ్మితే, ఆ ఊళ్లో ఆ డ్రైవర్‌కు మళ్లీ ఎవడూ బండి ఇవ్వడు. ఇక్కడ 1,200 రూపాయల ఫీజును లక్షల పక్కన పెట్టి చూడండి. ఏ బ్యాంకూ ఇవ్వని వడ్డీ అది. కానీ అది వచ్చే డబ్బు కాదు, పోకుండా ఆగిన డబ్బు. పోకుండా ఆగినదాన్ని మనం లాభం కింద రాయడం నేర్చుకోలేదు. పెళ్లిచూపుల్లో "మా వాడికి హెవీ ఉంది, దాని వల్ల ఇంతవరకు ఏమీ పోలేదు" అని ఎవరు చెబుతారు?

శిక్ష భయమూ ఈ ఖాతాలోదే. కొత్త న్యాయ సంహితలో 106(2) సెక్షను, ప్రాణం పోయేలా ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అంది. 2024 జనవరి మొదట్లో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు క్యూలు రోడ్డెక్కాయి. ఆ సెక్షను ఇంకా అమల్లోకి రాలేదని, లారీ సంఘాలతో మాట్లాడాకే నిర్ణయమని కేంద్రం చెప్పాక బండ్లు కదిలాయి. పట్నంలో చాలామంది "పారిపోతే శిక్ష వేయరా మరి?" అన్నారు. పారిపోకపోతే జనం ఏం చేస్తారో రాత్రి రెండింటికి ఊరి మొదట్లో నిలబడి చూసిన డ్రైవర్ సమాధానం వేరు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. నా మొగ్గు మాత్రం డ్రైవర్ వైపే, ఎందుకంటే ఫోన్ చేసి ఆగినవాడిని కాపాడే ఏర్పాటు ముందు చేసి, తర్వాత శిక్ష పెంచాలి.

పెళ్లి మాట వచ్చింది గనక చెబుతాను. లారీ డ్రైవర్ అంటే పిల్లనివ్వడానికి మా వైపు ఇప్పటికీ నసుగుతారు. ఆర్టీసీ డ్రైవర్ అంటే ఇస్తారు. ఇద్దరి జేబులోనూ ఉన్నది అదే హెవీ. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యాక ఆ తేడా ఇంకా పెరిగింది. మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, కనిగిరి డిపోల గేట్ల ముందు నిలబడి లోపలికి చూసే కుర్రాళ్లలో లారీ మీద పదేళ్లు తిరిగినవాళ్లూ ఉంటారు. హెవీతో పాటు అనుభవం అడుగుతారు, పోస్టులు ఎప్పుడో గానీ పడవు, ఈలోగా వయసు దాటుతుంది. ఒకే కాగితానికి ఒక గేటు లోపల ఒక ధర, బయట ఒక ధర. దర్శిలో డ్రైవర్ల శిక్షణ కేంద్రం వచ్చినప్పుడు మా కుర్రాళ్లు ఆశపడింది అక్కడ నేర్పే నైపుణ్యం మీద కన్నా, అక్కడిచ్చే కాగితం ఈ గేటు లోపలికి తీసుకెళ్తుందేమో అని.

ఇక తరుగుదల. కామర్స్ వాడు దీన్ని వదలడు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు గడువు ఇదివరకు మూడేళ్లు, 2019 సవరణతో ఐదేళ్లయింది. గ్యాసు, పెట్రోలు లాంటి ప్రమాదకరమైన సరుకు మోసేవాళ్లకు మూడేళ్లే, రెన్యువల్ కావాలంటే మళ్లీ శిక్షణ. రెన్యువల్‌కు వెళ్లిన ప్రతిసారీ డాక్టరు సంతకం చేసిన ఫారం 1-ఎ కావాలి. అందులో కంటి చూపు రాస్తారు. కాగితం గడువు దాటితే ఫీజు కట్టి మళ్లీ తెచ్చుకోవచ్చు. చూపు, నడుం, రాత్రి నిద్ర అలా రావు. ఇంజను వేడి కాబిన్‌లో పాతికేళ్లు కూర్చున్నవాడి వెన్నుకు ఏ సెక్షను కింద తరుగుదల రాస్తాం? 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల కాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. మా వైపు రోడ్ల మీద తిరిగేవి అంతకుముందు తయారైన బండ్లు, ఇంకో పదేళ్లు అవే తిరుగుతాయి.

మొన్న వచ్చిన కుర్రాడికి ఇదంతా చెప్పాను. వాళ్ల నాన్న కూడా పక్కనే కూర్చుని విన్నాడు. ఆయనది మూడెకరాల మెట్ట. కుర్రాడికి ఇరవై నిండి ఆర్నెల్లు. ఎల్ఎంవీ చేతికొచ్చి ఏడాది దాటింది. "మరి తీయమంటారా వద్దంటారా సార్?" అన్నాడు తండ్రి.

తీయమన్నాను. కానీ పెళ్లాం గొలుసు బ్యాంకులో పెట్టి తీయద్దన్నాను. స్కూలు ఫీజుకు అప్పు చేసినవాడు మొదటి నెల నుంచే ఏ బండి ఇస్తే ఆ బండి ఎక్కుతాడు, టైరు అరిగిందా, ఎఫ్‌సీ ఉందా, ఇన్సూరెన్సు ఉందా అని అడగలేడు. అడగగలిగే స్థితిలో ఉండి తీసుకుంటే హెవీకి ఒక విలువ, అడగలేక తీసుకుంటే ఇంకో విలువ. కుర్రాడికి ఈ మాట పట్టింది. తండ్రికి పట్టలేదు. ఆయన లెక్క వేరు. "మేనమామకు లారీ ఉందిలే సార్, మంచిర్యాల బొగ్గు లైను. ముందు ఏడాది ఆడ క్లీనరుగా తిరగనీ" అన్నాడు.

"మామ క్లీనర్‌కు ఎంతిస్తాడు?" అన్నాను.

"మామ గదా సార్, ఏం అడుగుతాం" అన్నాడు కుర్రాడు, వాళ్ల నాన్న వైపు చూడకుండా.

92,100 లెక్క ఒక కాగితం మీద రాసి ఇచ్చాను, మామకు చూపించమని. ఎల్ఎల్ఆర్ గడువు ఆరు నెలలు, అందులో ముప్పై రోజులు గడిస్తే పరీక్షకు వెళ్లొచ్చు, కాబట్టి స్కూలు మాట్లాడుకున్నాకే స్లాట్ పెట్టుకోమని కూడా చెప్పాను. అది మాత్రం తండ్రే రాసుకున్నాడు.